అడ్డపొగ

అన్నయ్య నావెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లాడు. ఊళ్లోంచి ఇంకో బండి తోలుకొస్తాడట. నావ మళ్లీ ఇటు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో వంశధారకే తెలియాలి. మొన్నటి వానలకు నీళ్లు ఎర్రగా చిక్కగా రెల్లుదుబ్బుల నడుముల దాకా వచ్చి నిలబడ్డాయి, నావవాడు తిన్నగా రాలేడు, ఎగువకు లాక్కుపోయి అక్కణ్ణుంచి వాలుగా వదలాలి, అందాకా నేనూ అమ్మా ఈ బండి నీడలో కూర్చోవాలి. కూర్చున్నది నేనే, అమ్మ పడుకుని ఉంది. ఆమదాలవలస స్టేషను నుంచి మమ్మల్ని తోలుకొచ్చిన ఎర్రన్న మావ ఎడ్లను విప్పి నీళ్లకు తీసుకుపోతూ, "సిన్నతల్లీ, తలకింద గడ్డి ఎత్తుగా ఎట్టు, పల్లంగా ఉంటే ముక్కులోకి దిగిపోద్ది" అని నాకే చెప్పాడు, నెలల తరబడి ఆ పని చేస్తున్నదాన్ని నేనైతే. కోపమొచ్చింది. ఈమధ్య నాకు అందరిమీదా కోపమే వస్తోంది, రైల్లో జాగా ఇవ్వని సోల్జర్ల మీద, జాగా ఇచ్చి ముక్కు మూసుకున్న ముసలాయన మీద, గతుకుల రోడ్డు మీద, ఏమీ చేయని ఈ ఆకాశం మీద కూడా. గడ్డి మాత్రం ఇంకాస్త ఎత్తు పెట్టాను.

అమ్మ మొహం మీద పైట కప్పుకుని ఉంది. ఎండకు కాదు, సిగ్గుకు. కురుపు అంగిట్లో పుట్టింది. మొదట అన్నం వేడికి మండుతోందంటే, నంజుకున్న పచ్చిమిరపకాయ మీద కోపం అన్నం మీద చూపిస్తావేం అని నేనే నవ్వాను. అది అంగిలి తొలుచుకుని ముక్కులోకి దారి చేసుకుంది. ఇప్పుడు గంజి పోస్తే సగం ముక్కులోంచి వస్తుంది. నా పిల్లలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నెతోనే పడుతున్నాను, తల వెనక్కి వాల్చి, చెంప పక్కనుంచి, చుక్క చుక్క. మింగిందా లేదా అని గొంతు వైపే చూస్తూ, తను మింగినప్పుడల్లా నేనూ మింగుతాను. మా ఆయన జూట్ మిల్లులో పనిచేస్తాడు, నెల్లిమర్లలో మిల్లు పక్కనే మా ఇల్లు, పిల్లల్ని అత్తకు అప్పజెప్పి వచ్చేశాను, మిల్లు కూత వినకుండా తెల్లవారడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. మాట కూడా గంజి లాగే అయింది అమ్మకు, నోట్లో పుట్టి ముక్కులోంచి పోతుంది. అన్నయ్యకు అర్థం కాదు, వదినకు అర్థం కాదు, నాకు అర్థమవుతుంది. పసిపిల్లల మాటలు విన్న చెవులు కదా. అందుకే విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరడిగినవన్నీ నేనే అమ్మకు చెప్పాను, అమ్మ చెప్పినవన్నీ నేనే డాక్టరుకు చెప్పాను. ఒక్కటి తప్ప. డాక్టరు నన్నూ అన్నయ్యనూ వరండాలోకి పిలిచి, రాచపుండు, పైకి పాకిపోయింది, ఇంక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి, నెప్పికి మందిస్తాను అన్నాడు. మెత్తగానే అన్నాడు పాపం. లోపలికి రాగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏటన్నాడే?" అంది. "మందిచ్చాడమ్మా, ఇంటికాడ తాగమన్నాడు, తగ్గిపోద్దన్నాడు." ఆ సీసా ఇప్పుడు నా ఒళ్లోనే ఉంది, నెప్పిమందు సీసా. అమ్మ దాన్ని రెండు పూటలా కళ్లకద్దుకుని తాగుతోంది, అలా అద్దుకున్నప్పుడల్లా నాకు చచ్చిపోవాలనిపిస్తుంది.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు, మీ పక్క ఆడవాళ్లకే ఈ చోట కురుపు వస్తోంది, అడ్డచుట్ట వల్లనే అనుకుంటున్నాం అని. అనుకోవడమేముంది, ఆ వార్డు చూస్తే చాలు. గోడ పొడుగునా మంచాలు, మంచానికో ఆడమనిషి, అందరూ మా అమ్మ వయసువాళ్లే, అందరూ నోటికి పైట అడ్డం పెట్టుకున్నవాళ్లే, ఎవరి మాటా ఎవరికీ తెలియదు, చేతులతో పలకరించుకునేవాళ్లు. ఏ ఊరని చెయ్యి తిప్పితే ఒకామె కిటికీలోంచి సముద్రం వైపు చూపించింది. ఒకామె నాట్లు వేసినట్టు వేళ్లు కదిపి నవ్వింది, అమ్మ కూడా నవ్వి అలాగే వేళ్లు కదిపింది. ఊడ్పుల దగ్గరే కదా పట్టుబడుతుంది ఈ అలవాటు. వానలో నిలబడి పొద్దుగూకే దాకా ఊడవాలి, రెండు చేతులకూ బురద, చుట్ట ఆరిపోకుండా ఉండాలంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకోవడం తప్ప దారేముంది. మా నాన్నమ్మే నేర్పిందట, కొత్తకోడలు వణికిపోతుంటే, ఇదిగో ఇలా అడ్డం పెట్టుకోవే, ఒళ్లు వెచ్చబడుతుంది అని. అత్త కోడలికి చూపించిన ప్రేమ అది. మా ఊళ్లో ఏ కోడలికైనా అంతే. చీకటి పడ్డాక చుట్ట కాల్చే మగవాళ్లందరూ ఎర్రచుక్కల్లా కనిపించేవారు, మా అమ్మ మాత్రం కనిపించేది కాదు, నన్ను పిలవడానికి నోరు తెరిస్తే లోపల ఎర్రగా వెలిగేది, మా అమ్మ కడుపులో పొయ్యి ఉందని నా చిన్నప్పటి నమ్మకం, అందుకే ఆవిడ పక్కన పడుకుంటే అంత వెచ్చగా ఉండేదని. ఆ వాసనంటే నాకు అసహ్యం. ఆ వాసన లేకుండా నిద్రపట్టేది కాదు. రెండూ నిజమే, ఏది ముందో చెప్పలేను.

ఈ ఎండాకాలంలో నరసన్నపేట కాంపౌండరు చుట్ట మానిస్తే పుండు ఆరుతుందేమో అన్నాడని అన్నయ్య తన పెద్దకొడుకును తీసుకొచ్చి అమ్మ ఎదురుగా నిలబెట్టాడు. "ఈడి మీద ఒట్టేసి సెప్పు, ఇంక నోట ఎట్టనని." అమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది. అంతే, ఆనాటి నుంచి ముట్టలేదు. అడిగింది మాత్రం. నోటితో కాదు, రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టుకుని, మళ్లీ తనే చెయ్యి దించేసుకునేది, తొందరలో తప్పు చేసినట్టు. అప్పుడు నేను కసురుకునేదాన్ని. ఏటమ్మా, మనవడి కంటే సుట్టెక్కువా నీకు, బాగవ్వాలని నేదా. అలా కసరడం నాకు ఇష్టంగా ఉండేది, ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది, బాగయ్యేవాళ్లనే కదా మనం కసురుతాం. వద్దు వద్దు అంటున్నంతకాలం అమ్మకు ఇంకా పోగొట్టుకునేది ఏదో ఉన్నట్టు. ఒక్కసారి సరే అన్నానా, ఇదిగో కాల్చుకో అన్నానా, నువ్వు బతకవమ్మా అని నా నోటితో నేను చెప్పినట్టే. డాక్టరు చెప్పాడు, వరండాలో చెప్పాడు, అన్నయ్య స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు, అయినా అమ్మకు ఎవరూ చెప్పలేదు, అమ్మకు చెప్పనంతవరకూ అది పూర్తిగా నిజం కానట్టే నేను నెట్టుకొస్తున్నాను.

పొగ వాసన. ముందు నాకు తెలియలేదు, అమ్మ పైట కదిలింది. చూస్తే, చేపలమ్మే మనిషి ఒకామె ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని మాకు గాలి వాటంలో కూర్చునుంది, నావ కోసమే కాబోలు, ఎర్రన్న మావ నీళ్లలోంచి, "మరిడమ్మా, బేరమైపోనాదా" అని కేకేస్తే చెయ్యి ఊపింది, నోరు మెదపలేదు. మెదపదు మరి, నోట్లో అడ్డచుట్ట ఉంది. ఇంత కొస మాత్రం పెదాల బయట, బుగ్గలు లోపలికి పోతున్నాయి, పొగ పెదాల మూలలోంచి కొంచెం కొంచెంగా, కళ్లు నది మీద. అలా కూర్చోవడం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ భుజాలు వాలడం, ఆ మోకాలు చుట్టూ చెయ్యి వేసుకోవడం, ప్రపంచంలో ఎవరితోనూ పనిలేనట్టు ఉండే ఆ కాసేపు. మా అమ్మకు తనదంటూ రోజులో ఉన్నది ఆ కాసేపే. అప్పుడు ఏం అడిగినా పలికేది కాదు, చేత్తో ఆగమనేది, చిన్నప్పుడు నాకు ఆ చుట్ట మీద అసూయ. పైట అంచు కింద అమ్మ ముక్కు కదులుతోంది. కళ్లు మూసే ఉన్నాయి. ముక్కు ఒక్కటే మేలుకుని వెతుక్కుంటోంది. నేను లేచి వెళ్లాను.

"ఏటమ్మా, అటెల్లి కాల్సుకోరాదా. మాయమ్మకి ఒంట్లో బాగోనేదు."

"ఎల్తాను తల్లీ," అని ఆమె చుట్ట నోట్లో ఉండగానే అంది. "ఏటి సుస్తీ?"

"నోరు," అన్నాను.

మరిడమ్మ చుట్ట తీసి నిప్పుకొస వైపు కాసేపు చూసింది. "మా అప్పకీ అదే," అంది, తట్ట ఎత్తుకుని లేవబోయింది. ఏమీ సర్దిచెప్పలేదు, సానుభూతీ చూపించలేదు, మా అప్పకీ అదే అని మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకుంది. సొంత అక్కను చూసింది, ఈమెకి తెలుసు. అయినా కాలుస్తోంది. తిట్టాలనిపించింది. వెనక్కి తిరిగేసరికి అమ్మ పైట తీసేసి మా వైపే చూస్తోంది, చెయ్యి చాపింది, నేను దగ్గరికెళ్తే నా కోక అంచు పట్టుకుంది. "ఒగ్గీ," అంది ముక్కులోంచి. "కూకోనీ దాన్ని."

వదిలేశాను, కూర్చోనిచ్చాను. మరిడమ్మ కూర్చుంది, ఇంకాస్త దగ్గరగా. పొగ మా మీదుగా రావడం మొదలుపెట్టింది. అమ్మ దాన్ని పీలుస్తోంది, నెమ్మదిగా, అపురూపంగా, గంజి తాగేటప్పుడు పడే అవస్థ ఏదీ లేకుండా, ఇన్ని నెలల్లో అమ్మ లోపలికి వెళ్తున్నదేదైనా బాధపెట్టకుండా వెళ్లడం ఇదే మొదటిసారి చూడటం. నుదుటి మీద ముడత విడిపోయింది. మా అమ్మ అందంగా ఉండేదని మర్చిపోయాను. పూర్వం ఊడ్పుల వరసలో ఈవిడ పాట ఎత్తుకుంటే గట్టు మీద నడిచే మగవాళ్లు ఆగేవారట, నాన్న అలా ఆగినవాడేనట, చుట్ట నోట్లో పెట్టుకునే పాడేదట, ఎలాగో. నాన్న పోయిన ఏడు అన్నయ్యా నేనూ ఇంకా చిన్నవాళ్లం, ఆ పొలం అమ్మే దున్నించింది, అమ్మే ఊడ్చింది, అమ్మే కోసింది, మేము గట్టు మీద కూర్చుని ఎప్పుడు అయిపోతుందా అని ఏడిచేవాళ్లం, అప్పుడు ఆ బురదలోంచి నోటి మూల పొగ వదులుతూ మా వైపు చూసి కనుబొమలు ఎగరేసేది, ఇదిగో వచ్చేస్తున్నా అని. ఆకలికి కూడా అదే మందు ఆవిడకి. మాకు పెట్టి తను చుట్ట పెట్టుకునేది. అది నేను ఇప్పుడు, ఈ ఒడ్డున, మొట్టమొదటిసారి ఆలోచిస్తున్నాను. మా కంచాలు నిండాక కుండలో ఏముండేదో ఒక్కనాడైనా వంగి చూశానా.

పొగ పలచబడింది. మరిడమ్మ చుట్ట అయిపోవచ్చింది, నోట్లోంచి తీసి ఇసుకలో ఆర్పబోతోంది. అమ్మ ఆ చెయ్యినే చూస్తోంది. ఏమీ అడగలేదు, రెండు వేళ్లూ పెదాల దగ్గరికి కూడా పోలేదు, ఊరికే చూస్తోంది, తన నావ వెళ్లిపోతుంటే ఒడ్డున నిలబడ్డవాళ్లు చూసినట్టు. నాకు ఒళ్లు మండింది. దేని మీద అని అడిగితే చెప్పలేను. డాక్టరు మీద, ఒట్టు మీద, తగ్గిపోద్దన్న నా నోటి మీద. ఇంటికి చేరాక అన్నయ్య ఉంటాడు, వదిన ఉంటుంది, చూడటానికి వచ్చేవాళ్లు వరసగా వస్తారు, అమ్మకూ నాకూ ఇలా ఒక ఏరూ ఒక బండి నీడా మళ్లీ దొరకవు.

"మరిడమ్మా, ఆర్పీకు. ఇంకో సుట్టుంటే ఇయ్యి," అన్నాను.

ఆమె నన్ను చూసి, అమ్మను చూసి, రొంటిలోంచి ఒక చుట్ట తీసి, తన దాంతో అంటించి ఊది ఇచ్చింది. అగ్గిపెట్టెలు దొరకని యుద్ధకాలంలో నిప్పు ఇలాగే చేతులు మారుతోంది. మరేమీ అడక్కుండా వెళ్లి ఎర్రన్న మావ దగ్గర నిలబడింది. నేను చుట్ట అమ్మ పెదాల దగ్గరికి తీసుకెళ్లాను. చెప్పేశాను, అనుకున్నాను, ఇంక నేను చెప్పేసినట్టే. అమ్మ తల పక్కకు తిప్పేసుకుంది. నేల మీదనుంచి ఇంత ఎత్తున అరచెయ్యి బోర్లించి పెట్టింది, పెద్దమనవడు ఎంత ఎత్తుంటాడో అంత. ఒట్టు. ఇంత బాధలో, ఎవరూ చూడని చోట, ప్రాణం లాక్కుపోతున్న కోరిక ముక్కు ముందు పొగలు కక్కుతుంటే, మనవడి తల మీంచి ఆ చెయ్యి ఇంకా తీయలేదు మా అమ్మ.

"సరే, నువ్వు ముట్టకు," అన్నాను. "నాను కాలుస్తాను. నువ్వు వాసన సూడు."

తిప్పి, నిప్పు లోపలికి పెట్టుకున్నాను. మొదట వేడి, నోరంతా వేడి, నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కొసకు తగిలి చురుక్కుమంది, కళ్లలో నీళ్లు, దగ్గు, దగ్గితే బూడిద గొంతులోకి. అమ్మ ముక్కులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది, గాబరాపడి చూస్తే నవ్వుతోంది. నా చేతకానితనానికి నవ్వుతోంది. పెద్ద రంగస్థలం మీద ఉన్నట్టు నేను ఇంకోసారి పెట్టుకున్నాను. అమ్మ వేళ్లతో నా గడ్డం పట్టుకుని కొంచెం కిందకు దించింది, పెదాలు తడి చేసుకోమని తన పెదాలు తడిచేసి చూపించింది, నాలుక కిందకు అణచమని, గబగబా లాగొద్దని, ఊపిరి ఇలా, ఇలా, అని తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఎత్తి దించింది. నేను ఆ చెయ్యి చూస్తూ పీల్చాను, అది పైకి లేస్తే పీల్చాను, దిగితే వదిలాను. నోరు నిండింది. వంగి అమ్మ మొహం మీదకు నెమ్మదిగా వదిలాను. అమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ పీల్చాను, మళ్లీ వదిలాను. నా నోట్లోంచి మా అమ్మ వాసన వస్తోంది, చిన్నప్పుడు ఆవిడ పైటలో ముక్కు దూర్చి పీల్చిన వాసన, నేను ఆవిడకు ఇస్తున్నాను, ఆవిడ తీసుకుంటోంది, ఒక్క చుక్క కూడా కిందకు పోవడం లేదు. ఎంతసేపో తెలియదు. నీళ్లు పారుతున్నాయి. నాకు తల తిరుగుతోంది, అయినా ఇంతకంటే సుఖంగా నేనెప్పుడూ లేను అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

ఇంకోసారి పీల్చబోతుంటే అమ్మ చెయ్యి వచ్చి నా పెదాల మధ్యనుంచి చుట్ట లాగేసింది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. నిప్పుకొస తడి ఇసుకలోకి గుచ్చి, బొటనవేలితో నొక్కింది.

"సాలు. నువ్వు నేర్సుకోకు."

"ఒక్కదానికి ఏటవుతాదమ్మా."

"నానూ అలగే అనుకున్నాను."

నేను ఇసుక వైపు చూశాను. అమ్మ నా వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"డాక్టరు దీన్నే గదా అన్నాడు?"

ముక్కులోంచి వచ్చే మాటే, కానీ ఎవరికైనా అర్థమయ్యేంత స్పష్టంగా వచ్చింది. ఆ వార్డులో అన్ని మంచాలు చూసింది కదా, నేనొక్కదాన్నే చూశాననుకున్నాను. మందు కళ్లకద్దుకున్నది మందు కోసం కాదు, అది తెచ్చిన నా కోసం.

"అవునమ్మా."

"ఇంటికి తీసుకుపొమ్మన్నాడు."

"అవునమ్మా."

తల ఊపింది. ఏడవలేదు, అడగలేదు ఇంకెన్నాళ్లని. అవతలి ఒడ్డు వైపు గడ్డం చూపించి, "అన్నియ్యకి సెప్పకు, నాకు తెలుసని," అంది. "ఆడు బయపడిపోతాడు."

అవతలి ఒడ్డునుంచి నావ కదిలింది కాబోలు, ఎర్రన్న మావ ఎడ్లను అదిలిస్తూ వస్తున్నాడు, అన్నయ్య కేక నీళ్ల మీదుగా వినిపించింది. నేను సీసా మూట కట్టబోతుంటే అమ్మ నా రెండు చెంపలూ పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "నోరు తెరు," అంది. తెరిచాను. వెలుతురు పడేలా నా తల అటూ ఇటూ వంచి, ఆ మసక కళ్లు చిట్లించి, నాలుక పైకెత్తమని, అంగిలి చూపించమని, ఒక మూల నుంచి ఇంకో మూలకు జాగ్రత్తగా వెతికింది, చిన్నపిల్లకు పాలపన్ను వెతికినట్టు. "నాలిక్కొస కాలింది," అంది. "ఇంటికెల్లి ఎన్న రాసుకో." చాలన్నట్టు నా గడ్డం తట్టింది. మూస్తే ఏడుపు వచ్చేస్తుందని, నావ ఒడ్డుకు తగిలేదాకా నేను నోరు తెరిచే కూర్చున్నాను.